మనం ఎవరి జట్టు?

మా ఇంట్లో ఈ ప్రశ్న పుట్టింది టెలిఫోను మీద. మా అమ్మాయి కబడ్డీ ఆడడానికి తమిళనాడు వెళ్ళింది. రాత్రి పది దాటాక ఫోను చేసి, తిండి ఎట్లా ఉందో, సాంబారు ఎన్ని పూటలు పోశారో అన్నీ చెప్పి, చివరికి నెమ్మదిగా అడిగింది:

"నాయినా, మాకూ ఉస్మానియాకూ పడితే నువ్వు ఎవరి దిక్కు?"

ఇది 2022 నాటి మాట. కన్నకూతురు అడిగితే జవాబు చెప్పడానికి తండ్రికి క్షణం పట్టకూడదు. నాకు పట్టింది. అవతల అమ్మాయి నవ్వింది గాని, ఆ నవ్వులో కొంచెం చిన్నబుచ్చుకోవడం కూడా వినిపించింది.

నా తటపటాయింపుకు కారణం ఉంది. మాది నకిరేకల్, హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీది ఊరు. నేను నల్లగొండ కాలేజీలో చదివే రోజుల్లో ఆ కాలేజీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉండేది. వాలీబాల్ ఆడేవాణ్ణి. కాలేజీల మధ్య పోటీలలో బాగా ఆడినవాళ్ళను హైదరాబాదు పిలిపించి, వాళ్ళలోనుంచి విశ్వవిద్యాలయం జట్టును ఏరేవారు. ఆ జట్టులో చోటు దొరికినవాడికి రొమ్ము మీద "ఓ.యు." అన్న రెండక్షరాల కోటు! దాన్ని తొడుక్కుని మా బస్టాండులో దిగాలన్నది ఆనాటి నా కోరిక.

పిలుపు వచ్చింది, వెళ్ళాను. నగరం కుర్రాళ్ళ ఎత్తు చూసి సగం, ఆట చూసి సగం నీరుగారిపోయాను. పన్నెండు మందిలో నా పేరు లేదు. అన్యాయం ఏమీ జరగలేదు. వాళ్ళు నాకంటె బాగా ఆడారు, అంతే. రాత్రి బస్సు దిగేసరికి మా నాయన లాంతరుతో నిలబడి ఉన్నాడు. ఏమీ అడగలేదు. నా చేతిలో సంచీ తీసుకుని ముందు నడిచాడు.

అయినా ఉస్మానియా మీద నా అభిమానం చావలేదు. అభిమానానికి లెక్కలు తెలియవు కదా!

ఈ గీతలు ఒకసారి గీసి ఊరుకునేవి కావు. ఉస్మానియా 1918లో పుట్టింది. మా అన్న చదివే రోజుల్లో వరంగల్లు కుర్రాళ్ళు కూడా ఆ గూటి పక్షులే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చి వాళ్ళు వేరుపడ్డారు. నిన్నటిదాకా ఒకే జట్టుకోసం పోటీపడ్డవాళ్ళు తెల్లవారేసరికి ఎదుటి జట్టు. మేము మాత్రం ఉస్మానియాలోనే ఉండిపోయాము. 2007లో నల్లగొండలో విశ్వవిద్యాలయం పెట్టారు. ఇప్పుడది మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం. ఆ మరుసటి ఏడే పాలమూరుకూ ఒకటి వచ్చింది. నకిరేకల్ నుంచి నల్లగొండ పాతిక కిలోమీటర్లు. హైదరాబాదు నూరుకు పైన. ఆటగాళ్ళ ఏరిక దగ్గరికి వచ్చింది. అక్షరాలు మారిపోయాయి.

మా అమ్మాయి కొత్త కోటు తొడుక్కుని ఇంటికి వచ్చిన రోజున పెళ్ళికి వచ్చిన చుట్టం ఒకాయన అడిగాడు, "ఇదేం యూనివర్సిటీ అమ్మా? ఉస్మానియాల సీటు రాలేదా?" అని. పిల్ల మొహం ఇంతైంది. నేను కల్పించుకుని ఏదో చెప్పాను గాని, నిజం చెప్పొద్దూ, ఆ మాట నా మనసులోనూ ఒక మూల ఉన్నదే.

ఇందులో ఇంకొక చిక్కు చూడండి. 2016 అక్టోబరులో జిల్లాలు విభజించారు. మా పాత నల్లగొండ మూడు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు జిల్లాలయ్యాయి. నకిరేకల్ నల్లగొండలోనే మిగిలింది. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగా సూర్యాపేట పిల్ల ఒకతె కూతకు వచ్చి వీళ్ళను ముప్పుతిప్పలు పెట్టేది. బరి పక్కన నిలబడి ఆ పిల్ల ఎప్పుడు దొరుకుతుందా అని నేను పళ్ళు కొరికేవాణ్ణి. డిగ్రీకి వచ్చాక చూస్తే ఇద్దరిదీ ఒకే జట్టు! జిల్లా లెక్కన పరాయిది, విశ్వవిద్యాలయం లెక్కన మనది. ఆ పిల్ల మా ఇంట్లో జొన్నరొట్టె తిని వెళ్ళింది కూడా.

క్రికెట్టులో కథ మరో రకం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రాలు కలిశాయి గాని రంజీ జట్లు కలవలేదు. హైదరాబాదు హైదరాబాదే, ఆంధ్ర ఆంధ్రే. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ రెండు జట్లకూ కొత్తగా విడిపోయే పని లేకపోయింది! ఫుట్‌బాల్‌లో మాత్రం రెండు సంఘాలూ 1959లో ఒకటయ్యాయి. సంతోష్ ట్రోఫీని 1956–57లోనూ, మరుసటి ఏడూ గెలిచింది హైదరాబాదు పేరుతో; 1965–66లో గెలిచింది ఆంధ్రప్రదేశ్ పేరుతో. 1987లో హైదరాబాదు రంజీ గెలిచినప్పుడు మా ఊళ్ళో మిఠాయి పంచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ జట్టులో మా ఊరివాడు ఒక్కడూ లేడు. అయినా "మనం" గెలిచాము.

ఈ గోల మనకే అనుకున్నాను. మా అన్న కొడుకు అమెరికాలో పుల్‌మన్ అనే చిన్న ఊళ్ళో, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదివాడు. వాడు చెప్పే కథ వింటే మనదే నయమనిపిస్తుంది. అక్కడి కాలేజీల ఆటలకు మన సినిమాలంత గిరాకీ. పసిఫిక్ తీరపు కాలేజీలు 1915లో కట్టుకున్న కూటమి పెరిగి పెరిగి పన్నెండు జట్లదైంది. టెలివిజను వాళ్ళు ఇచ్చే డబ్బు ఎక్కడ ఎక్కువైతే అక్కడికి జట్లు తరలాయి. 2024 వచ్చేసరికి పన్నెండింటిలో పది వెళ్ళిపోయి రెండే మిగిలాయి. ఆ రెండింటిలో ఒకటి మావాడి కాలేజీ. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ పోయి చేరింది ఎందులోననుకున్నారు? అట్లాంటిక్ తీరపు కూటమిలో! ఇంకొక కూటమి పేరు "బిగ్ టెన్," అంటే పెద్ద పది. అందులో ఇప్పుడు పద్ధెనిమిది. లెక్కల పంతులుగా పని చేసినవాణ్ణి, నా కడుపు మండదా?

"ఇదివరకు కారులో పోయి మాచి చూసివచ్చేవాళ్ళం బాబాయ్. మా పక్క ఊరివాళ్ళతో పందేలు, కొట్లాటలు. ఇప్పుడు వాళ్ళు వేరే కూటమి," అన్నాడు వాడు. మిగిలిన రెండూ కొత్త జట్లను పిలుచుకుని పాత పేరుతోనే కూటమిని మళ్ళీ కట్టుకోవడానికి పూనుకున్నాయట. అక్కడ డబ్బు జట్లను దూరం చేసింది. ఇక్కడ మాకు జరిగింది తలకిందులు: జట్టు దగ్గరికి వచ్చింది, పేరు చిన్నదైంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాతిక కిలోమీటర్ల దూరంలో ఏరిక పెట్టబట్టి గదా మా ఊరి ఆడపిల్ల పొద్దున వెళ్ళి మాపటికి తిరిగివచ్చి సెలక్షను గెలుచుకుంది! హైదరాబాదు పోయి రెండు రోజులు ఉండాలంటే మా ఇంట్లోనే ఎన్ని అభ్యంతరాలు పుట్టేవో నాకు తెలుసు. మొదటి అభ్యంతరం నాదే అయ్యేది. నాకు దొరకని కోటు దానికి దొరికితే, అక్షరాలు వేరని నేను ముఖం చిట్లించడమా?

తెల్లవారగానే ఫోను చేశాను.

"రాత్రి అడిగినదానికి జవాబు చెప్తున్నా. మీ దిక్కే."

"ఇంతసేపు ఆలోచించినవా?" అంది.

"ముప్పై అయిదేండ్ల సంగతి, ఒక్క రాత్రిలో తేల్చిన. తక్కువా?"

ఉస్మానియాతో వాళ్ళకు పోటీ పడనే లేదు. రెండో ఆటలోనే ఎవరి చేతిలోనో ఓడి రైలెక్కారు. బస్సు దిగే వేళకు నేను బస్టాండుకు వెళ్ళాను. ఇప్పుడు లాంతరు అక్కరలేదు. సంచీ మాత్రం తీసుకున్నాను.

వీధి మలుపులో, ఇంటి ముందు కూరగాయల బేరంలో ఉన్న ముసలమ్మ తలెత్తి చూసింది. ఆమెకు ఏ విశ్వవిద్యాలయం పేరూ తెలియదు. కోటు మీది అక్షరాలు చదవడమూ రాదు.

"ఏం బిడ్డా, మనోళ్ళు గెల్సిండ్రా?" అంది.

"ఒకటి గెల్సినం, ఒకటి ఓడినం అవ్వా," అని మా అమ్మాయి అక్కడే ఆగి, సూర్యాపేట పిల్ల ఎట్లా కూతకు పోయిందో, ఎంతమందిని ముట్టి వచ్చిందో చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. బేరం ఆపి కూరగాయల బండివాడూ విన్నాడు. నేనూ సంచీ కింద పెట్టి విన్నాను.