చీకటి పడని దారిలో... బండి మీద!

'చీకటి పడేలోగా ఇంటికొచ్చెయ్!' బండి తాళాలు చేతిలోకి తీసుకున్న ఆడపిల్లకి మన ఇళ్లలో చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. మరి అసలు చీకటే పడని చోటైతే ఏం చెబుతారు?

నార్వే ఉత్తరపు కొసన నార్డ్‌కాప్ అని ఓ కొండకొమ్ము ఉంది. సముద్రంలోంచి 307 మీటర్ల ఎత్తుకి నిటారుగా లేచిన రాతిగోడ అది. అక్షాంశం 71 డిగ్రీలు దాటుతుంది. మే మధ్య నుంచి జులై ఆఖరుదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. మబ్బు లేకపోతే అర్ధరాత్రి పన్నెండింటికి కూడా సముద్రం మీద ఎర్రగా వేలాడుతూ కనిపిస్తాడు. ఆ వెలుగు చూడాలని ఏటా వేసవిలో యూరప్ నలుమూలల నుంచీ మోటార్‌సైకిళ్లు ఉత్తరం వైపు బారులు తీరతాయి. నడిపేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. వెనక సీట్లో కూర్చుని వెళ్లేవాళ్లు కాదు సుమా, ఒంటరిగా హ్యాండిల్ పట్టినవాళ్లే!

ఇదేమీ నిన్నమొన్న పుట్టిన సరదా కాదు. అమెరికాకు చెందిన లూయీజ్ షెర్బిన్ మహిళా మోటార్‌సైక్లిస్టుల కోసం 'విమా' అనే అంతర్జాతీయ సంఘాన్ని 1950లోనే ప్రారంభించింది. ఆ సంఘంలో మొదట్నుంచీ ఉన్న థెరెసా వాలక్ అయితే 1934-35లో, స్నేహితురాలు ఫ్లారెన్స్ బ్లెంకిరన్‌తో కలిసి సైడ్‌కారు బండి మీద లండన్ నుంచి సహారా ఎడారి మీదుగా కేప్‌టౌన్ చేరింది. నార్వే, స్వీడన్, ఫిన్లండ్‌లలో ఇప్పుడు విమా శాఖలున్నాయి. అక్కడ ఆడవాళ్లు బండి మీద దూరాలు పోవడం ఎవరూ తిరిగి చూసేంత వింత కాదు.

దారి ఎలా ఉంటుందంటే...

నార్డ్‌కాప్‌కి దారులు చాలా ఉన్నా, ఫిన్లండ్‌లోని రొవానియెమి నుంచి వెళ్లేది తేలికైనది. ఊరు దాటి కొద్ది కిలోమీటర్లు వెళ్లగానే ఆర్కిటిక్ రేఖ. అక్కడ్నుంచి ఇనారి, సరిహద్దు దాటాక నార్వేలోని కరాషోక్, ఒల్డర్‌ఫ్యోర్డ్... మొత్తం సుమారు 700 కిలోమీటర్లు. తారు రోడ్డే కానీ, చలికాలంలో నేల గడ్డకట్టి ఉబ్బడం వల్ల అక్కడక్కడా అలలు అలలుగా లేచి ఉంటుంది. వేగంగా పోతే బండి ఎగిరిపడుతుంది. ఊళ్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి పెట్రోలు బంకు కనిపిస్తే సగం ట్యాంకున్నా సరే నింపేసుకోవాలి.

కరాషోక్‌లో కాసేపు ఆగాల్సిందే. నార్వేలోని సామి తెగ ప్రజల పార్లమెంటు 1989లో ప్రారంభమైంది ఇక్కడే. 2005లో దానికి అధ్యక్షురాలైన ఐలీ కెస్కితాలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ. నార్వేలో అతి తక్కువ ఉష్ణోగ్రత నమోదైనదీ ఈ ఊళ్లోనే. 1886 జనవరి 1న సున్నాకి 51.4 డిగ్రీల కింద! అదృష్టవశాత్తూ బండి యాత్రికులు వచ్చేది జూన్, జులై, ఆగస్టుల్లోనే. చలికాలంలో చివరి 13 కిలోమీటర్లూ మంచు తోసే బండి వెనక వరసకట్టి వెళ్లాల్సిన వాహనాలకే దారి.

వెలుగే అసలు శత్రువు

ఈ యాత్రకి భయపడాల్సింది చలికనుకుంటాం. కానీ ఎక్కువ ఏమరపాటు తెచ్చేది వెలుగు. మన ఒంట్లో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను చీకటి పడితేనే బాగా ఊరుతుంది. తెల్లవార్లూ వెలుగే ఉంటే శరీరానికి రాత్రయిందని తెలీదు. 'ఇంకా ఎండ ఉందిగా, ఇంకో యాభై కిలోమీటర్లు పోదాం' అనిపిస్తుంది. గడియారం చూస్తే రాత్రి ఒంటిగంట! పొద్దున్నుంచీ పద్నాలుగు గంటలు బండి మీదే ఉన్నామన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది. అలసట తెలియకుండానే కళ్లు మొరాయిస్తాయి.

సరిగ్గా అప్పుడే రెయిన్‌డీర్లు ఎదురవుతాయి. ఇవి అడవి జంతువులు కావు, సామి కుటుంబాలు పెంచుకునే మందలు. కంచెల్లేకుండా తిరుగుతుంటాయి. అడవిలో దోమలు, ఈగలు కుడుతుంటే గాలి తగులుతుందని రోడ్డు మీదకొచ్చి నిలబడతాయి. ఎండ ఎక్కువైతే సొరంగాల్లోకి దూరతాయి. ఒకటి దాటిందని ముందుకి పోకూడదు. వెనకే తల్లి, దాని వెనక పిల్ల... జూన్‌లో అయితే మరీను. స్వీడన్‌లో మంద దగ్గర్లో ఉందని చెప్పడానికి రోడ్డు పక్కన నల్ల ప్లాస్టిక్ సంచులు కట్టి ఉంచుతారు. సంచి కనిపిస్తే వేగం తగ్గించమని అర్థం. పొరపాటున ఏదైనా జంతువుకి తగిలితే పోలీసులకి చెప్పి తీరాలి. ఒక కుటుంబం జీవనాధారం కదా అది.

అందుకే అక్కడ 'చీకటి పడేలోగా' అన్న మాట పనికిరాదు. ఏ గంటకి ఆగాలో పొద్దున బయల్దేరే ముందే అనుకుని, ఆ గంట కొట్టగానే ఎంత వెలుగున్నా ఆగిపోవాలి. నిద్రకి కళ్లకి కట్టుకునే నల్లగుడ్డ మర్చిపోవద్దు. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం కంచెలేని బయలు ప్రదేశాల్లో, ఇళ్లకి 150 మీటర్ల దూరంలో ఎవరైనా గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండొచ్చు. ఒంటరిగా గుడారంలో పడుకోవడం ఇష్టంలేని ఆడవాళ్లకి క్యాంపింగ్ స్థలాల్లో 'హిట్టె' అనే చిన్న చెక్కగదులు అద్దెకి దొరుకుతాయి. లోపల గడియపెట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు.

ఇక చలి. నార్డ్‌కాప్ దగ్గర జులైలో కూడా సగటున 10 డిగ్రీలకి అటూ ఇటూగా ఉంటుంది. వాన పడితే ఇంకా తగ్గిపోతుంది. 5 డిగ్రీల చలిలో గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఒంటికి తెలిసేది సున్నాకి మూడు డిగ్రీల కింద ఉండే చలి. లోపల పలచటి ఉన్ని బట్టలు, పైన గాలి దూరని జాకెట్, ఆపైన వానకోటు... ఇలా పొరలు పొరలుగా వేసుకుంటేనే ఆగుతుంది. మగవాళ్ల కొలతలతో కుట్టిన గ్లవ్స్ మనకి వదులవుతాయి. సందుల్లోంచి గాలి దూరి వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు ఎలా నొక్కుతాం? చేతికి సరిపడేవి కొనుక్కోవడం ఆడంబరం కాదు, ప్రాణరక్షణ.

బండి పడిపోతే?

ఆడవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. రెండొందల కిలోల బండి ఒంటరిగా ఎలా లేపుతాం అని. ఇది భుజబలంతో పనిలేని కిటుకు. ఇంజిన్ ఆపి, గేరులో ఉంచాలి. కుడివైపు పడితే ముందే సైడ్‌స్టాండ్ కిందికి లాగాలి. బండికి వీపు చూపిస్తూ, సీటుకి నడుము కింది భాగం ఆనించి గొంతుక్కూర్చోవాలి. ఒక చేత్తో హ్యాండిల్, రెండో చేత్తో వెనక ఫ్రేము గట్టిగా పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. బరువంతా తొడలు మోస్తాయి, నడుముకి నొప్పి ఉండదు. ఉత్తరతీరంలో ఈదురుగాలికి నిలబెట్టిన బండే పడిపోతుంటుంది కాబట్టి, ఇది ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్లాలి.

వీసా సంగతి సులువే. నార్వే, స్వీడన్, ఫిన్లండ్ మూడిటికీ ఒకే షెంగెన్ వీసా చాలు. మన లైసెన్స్‌తోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా పట్టుకెళ్లాలి.

ఒల్డర్‌ఫ్యోర్డ్ నుంచి ఆఖరి 129 కిలోమీటర్లు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతాయి. నార్డ్‌కాప్ ఉన్నది మాగెరోయా అనే దీవిలో. పూర్వం పడవ మీద దాటేవారు. 1999లో సముద్రం కింద సొరంగం వేశారు. పొడవు 6.87 కిలోమీటర్లు, లోతు సముద్రమట్టానికి 212 మీటర్ల కింద! మూడు కిలోమీటర్లు దిగి, మళ్లీ మూడు కిలోమీటర్లు ఎక్కాలి. లోపల చల్లటి తేమకి హెల్మెట్ అద్దం మసకబారుతుంది, కాస్త పైకెత్తి నడపాలి. ఆ దీవికి వేసవి మేతకి వెళ్లిన రెయిన్‌డీర్లు మాత్రం శరత్కాలంలో ఆ జలసంధిని ఈదుకుంటూనే తిరిగొస్తాయి.

నార్డ్‌కాప్‌కి రోడ్డు పడింది 1956లో. అంతకు ముందు యాత్రికులు ఓడ దిగి, కొండ నిట్టనిలువునా ఎక్కేవారు. 1664లో వచ్చిన ఫ్రాన్సెస్కో నెగ్రి అనే ఇటలీ మతగురువుని ఇక్కడి తొలి యాత్రికుడంటారు. ఇప్పుడు కొండ మీద ఇనుప కడ్డీలతో చేసిన భూగోళం బొమ్మ దగ్గర ఫొటోలు తీసుకునేవాళ్ల సందడే సందడి.

తమాషా ఏమిటంటే, ఆ దీవిలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది నార్డ్‌కాప్ కాదు! పక్కనే ఉన్న క్నివ్‌షెలోడెన్ అనే రాతిమొన సుమారు కిలోమీటరున్నర ఎక్కువ ఉత్తరంగా ఉంది. అక్కడికి బండి పోదు. రోడ్డు పక్కన బండికి తాళమేసి, బూట్లు మార్చుకుని, పోను 9 కిలోమీటర్లు, రాను 9 కిలోమీటర్లు నడవాల్సిందే.