సర్పి మానింది, మంట మానలేదు!

మీలో ఎంతమందికి ఆటలమ్మ పోసింది? వారం పది రోజులు బడి మానేసి, వేపాకుల మీద పడుకొని, చివరికి తలకు పోసుకొని మళ్లీ ఆటల్లో పడివుంటారు. జబ్బు ఒంట్లోంచి పోయిందనే మీరు అనుకొంటున్నారు. జబ్బు పోయిన మాట నిజమే. కాని దాన్ని తెచ్చిన వైరస్ మాత్రం పోలేదు! అది మీ ఒంట్లోనే ఒక మూల నిద్రపోతూ వుంది. యాభై అరవై ఏళ్ల తర్వాత అది నిద్ర లేస్తే ఏమవుతుందో చూద్దాం.

నిద్రపోయే వైరస్

ఈ వైరస్ పేరు వారిసెల్లా-జోస్టర్. చర్మం మీది పొక్కులు మాడిపోయినా, ఇది నాడుల వెంట లోపలికి పోయి, వెన్నెముక పక్కన వుండే నాడీకణాల ముడులలో దాక్కొంటుంది. ఈ ముడులను గాంగ్లియాన్లు అంటారు. మన రోగనిరోధక శక్తి గట్టిగా కాపలా కాస్తున్నంత కాలం అది కదలదు. వయసు మీదపడో, మరేదైనా జబ్బు వల్లనో ఆ కాపలా సడలితే వైరస్ మేలుకొని, అదే నాడి వెంట తిరిగి చర్మం మీదికి వస్తుంది. నిప్పు అంటించినట్టు మంట, ఆ వెంటనే నీటిపొక్కులు! దీన్నే మనం సర్పి అంటాం. కొన్ని చోట్ల అక్కి అని కూడా అంటారు.

ఈ సంగతిని నమ్మదగిన లెక్కలతో చూపించింది ఎవరనుకొన్నారు? పెద్ద ప్రయోగశాలలోని శాస్త్రవేత్త కాదు. ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్నంలోని ఎడ్గార్ హోప్-సింప్సన్ అనే మామూలు డాక్టరు. తన దగ్గరికి వచ్చిన సర్పి రోగుల వివరాలను 16 సంవత్సరాలపాటు ఓపికగా రాసిపెట్టుకొని, 1965లో ప్రకటించాడు. సర్పి కొత్తగా అంటుకొనే జబ్బు కాదనీ, పాత ఆటలమ్మ వైరసే మేలుకొంటుందనీ అతడు తేల్చాడు.

ఒక పక్కనే ఎందుకు?

మా వెంకటాచలం మండలంలో కాలువల కింద వరి పండిస్తారు. ఒక్కొక్క పిల్లకాలువకు ఒక్కొక్క ఆయకట్టు వుంటుంది. నాడులూ అంతే. మన వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. ఒక్కొక్క నాడికి చర్మం మీద ఒక్కొక్క ఆయకట్టు. ఎడమ నాడిది ఎడమ పక్క, కుడి నాడిది కుడి పక్క. వైరస్ ఏ నాడిలో మేలుకొంటే సాధారణంగా దాని ఆయకట్టులోనే పొక్కులు లేస్తాయి. అందుకే సర్పి సగం వడ్డాణంలా వెన్ను దగ్గర మొదలై బొడ్డు దగ్గర ఆగిపోతుంది. “తలా తోకా కలిస్తే ప్రాణం పోతుంది” అని పెద్దలు భయపెడతారు. చుట్టూ కలవకపోవడానికి కారణం పాము కరుణ కాదు, ఆయకట్టు హద్దు!

గంట దానంతటదే మోగితే?

రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు మానతాయి. చాలామందికి నొప్పి కూడా పోతుంది. కొందరికి మాత్రం పోదు. 3 నెలలు దాటినా నొప్పి నిలిచివుంటే దాన్ని ‘పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా’ అంటారు. సర్పి తర్వాతి నాడీనొప్పి అని అర్థం. సర్పి వచ్చిన ప్రతి 100 మందిలో 10 నుంచి 18 మందికి ఇది వస్తుందని అమెరికా ఆరోగ్యశాఖవారి లెక్క. వయసు పెరిగినకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది.

మా వీధిలో డెబ్బై దాటిన ఒక అవ్వ వుండేది. మచ్చలు మానిన ఏడాదికి కూడా చీర కొంగు వీపుకు తగలకుండా చేత్తో ఎత్తిపట్టుకొని నడిచేది. తగిలితే కారం పూసినట్టు మంట. రోహిణి ఎండల్లో కూడా ఫాను వద్దనేది, ఆ గాలి సోకితే సూదులు గుచ్చినట్టు వుంటుందని. రాత్రుళ్లు నిద్ర లేదు. పెళ్లిళ్లకు పోవడం మానుకొంది. పైకి చూస్తే చిన్న మచ్చలు తప్ప ఏమీ లేవు. “అంతా మానిపోయింది గదా, ఇంకా నొప్పంటావేమే?” అని ఇంట్లోవాళ్లు విసుక్కొనేవారు. నొప్పికంటే ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టేది.

అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. మీ ఇంటి కాలింగ్ బెల్‌ను తలచుకోండి. లోపల తీగల పైతొడుగు చెడి ఒకదానికొకటి తగిలితే, ఎవరూ మీట నొక్కకపోయినా గంట మోగుతుంది. వాకిట్లో ఎవరూ లేరు గనుక గంట మోగలేదంటారా? సర్పిలో వైరస్ దెబ్బతీసేది చర్మాన్నే కాదు, నాడిని కూడా. దెబ్బతిన్న నాడి కారణం లేకుండానే మెదడుకు ‘నొప్పి’ అనే కబురు పంపుతుంది. పైగా వెన్నుపాములో కబుర్లు తారుమారై, మెత్తని తాకిడి కూడా నొప్పిగా అందుతుంది.

మందులు, మిరపకాయ

గంటను ఆపాలంటే మీటను తుడిచి లాభం లేదు, తీగను సరిచేయాలి. అందుకే మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. నాడిని శాంతింపజేసే మందులు కావాలి. మూర్ఛకు వాడే గాబాపెంటిన్, దిగులు జబ్బుకు వాడే అమిట్రిప్టిలిన్ వంటివాటిని డాక్టర్లు తగిన మోతాదులో ఇస్తారు. నొప్పి పూర్తిగా పోకపోయినా, నిద్ర పట్టేటంత తగ్గినా మేలే.

ఇంకో వింత మందు మన మిరపకాయలోనే వుంది! కారానికి మూలమైన కాప్సైసిన్ నొప్పి నాడుల కొసలను మొదట మండించి, తర్వాత మొద్దుబారుస్తుంది. ఇది నాడుల మీద ఏ గ్రాహకాన్ని తాకుతుందో 1997లో కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకొన్నారు. 8 శాతం కాప్సైసిన్ వున్న పట్టీని ఈ నొప్పికి వాడటానికి అమెరికాలో 2009లో అనుమతి లభించింది. దీన్ని వైద్యుల పర్యవేక్షణలోనే అంటిస్తారు. అలాగని వంటింట్లోని కారప్పొడి తీసి అవ్వ వీపుకు పూసేరు, జాగ్రత్త!

మీరు చేయగల పని

మన వైపు సర్పి వస్తే కావిమన్ను పూయిస్తారు, మంత్రం వేయిస్తారు. ఈలోగా విలువైన సమయం గడిచిపోతుంది. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు ఎసైక్లోవిర్ వంటి వైరస్ మందు మొదలుపెడితే పొక్కులు త్వరగా మానతాయి, నొప్పి తీవ్రత తగ్గుతుంది. తర్వాతి నొప్పి రానేరాదని మాత్రం హామీ లేదు. కంటి దగ్గర గాని, ముక్కు మీద గాని పొక్కులు లేస్తే ఒక్క పూట కూడా ఆగకూడదు. చూపుకే ప్రమాదం. పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ ఎన్నడూ రానివారికి ఆటలమ్మ రావచ్చు. కాబట్టి అవి ఎండేదాకా పసిపిల్లలను, గర్భిణులను దూరంగా వుంచాలి.

అసలు సర్పి రాకుండా టీకా కూడా వుంది. 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్న ఈ టీకాను 50 ఏళ్లు దాటినవారికి రెండు మోతాదులుగా ఇస్తారు. ఖరీదు ఎక్కువే. ఎవరికి అవసరమో డాక్టరును అడగాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ వీధిలోని పెద్దవారిని పలకరించి, సర్పి ఎప్పుడైనా వచ్చిందా, ఏ పక్కన వచ్చింది, నొప్పి ఎన్నాళ్లుంది అని అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఇంకా నొప్పిగానే వుందని ఎవరైనా అంటే “మానిపోయింది గదా” అనకండి. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి.