గృహ వీడియోలు: పాత కంప్యూటరు నుండి డివిడి వరకు

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల చరిత్రకు దస్తావేజులు, శాసనములు మాత్రమే ఆధారములు కావు. హోసూరు, బళ్ళారి, బరంపురము, షోలాపురము, యానాము మున్నగు చోట్ల తెలుగువారు తీయించుకొన్న పెండ్లి వీడియోలును అట్టి ఆధారములే. అప్పగింతల పాటలు, అవ్వల మాటతీరు, ఇరుగుపొరుగు భాషల ఛాయ సోకిన నుడికారము వానియందు నిలిచియుండును. వ్రాతకు లొంగని ఉచ్చారణ అచ్చట వినబడును. అట్టి ఫైలు క్రొత్త కంప్యూటరులో తెరుచుకొననిచో ఒక తరము యొక్క కంఠస్వరము మూగపోయినట్లే యగును.

ఈ అవరోధమునకు ముఖ్యకారణములు మూడు. మొదటిది కోడెక్ లేకపోవుట. ఎ.వి.ఐ. అనునది వీడియోను దాచిన పెట్టె పేరే కాని, లోని సరకు పేరు కాదు. ఆ సరకును కుదించి మరల విప్పు పద్ధతికి కోడెక్ అని పేరు. పాత యంత్రములో నున్న కోడెక్ క్రొత్తదానిలో లేనిచో ధ్వని మాత్రము వినబడి బొమ్మ కనబడకపోవచ్చును. రెండవది ప్రాజెక్టు ఫైలును వీడియోగా భ్రమపడుట. పాత విండోస్ మూవీ మేకరు ప్రాజెక్టు ఫైలులో దృశ్యములుండవు. అవి ఎచ్చట నున్నవో తెలుపు సూచనలే యుండును. దానినొక్కదానినే తెచ్చుకొనుట, చీటీని తెచ్చి సరకులను అంగడిలో మరచినట్లగును. మూడవది సాధనములు మరుగగుట. విండోస్ డివిడి మేకరు 2007 నాటి విస్టాలోను, 2009 నాటి విండోస్ 7లోను కొన్ని తరగతులలో లభించెను. 2012 నాటి విండోస్ 8లో అది లేదు. నేటి పెక్కు ల్యాప్‌టాపులలో డిస్కు డ్రైవే లేనందున, యు.ఎస్.బి. ద్వారా తగిలించు బయటి డ్రైవు కావలెను.

కావున పాత కంప్యూటరును వదలుటకు ముందే మూల ఫైళ్ళనన్నిటిని బయటి హార్డుడిస్కునకు ఎక్కింపవలెను. మినీ డివి టేపునుండి నేరుగా ఎక్కించిన వీడియో గంటకు సుమారు 13 గిగాబైట్లు ఆక్రమించును గనుక చోటును ముందుగనే చూచుకొనవలెను. పిదప ప్రతి ఫైలును వి.ఎల్.సి. ప్లేయరులో పరీక్షింపవలెను. పాత కోడెక్కులలో పెక్కింటిని అది స్వయముగా విప్పగలదు.

ఫైలును డిస్కుపై ఉన్నదున్నట్లు వ్రాసినచో అది డేటా డిస్కగును. టీవీకి తగిలించిన పాత డివిడి ప్లేయరు దానిని చదువకపోవచ్చును. అచ్చట ఆడుటకు దృశ్యము ఎంపెగ్-2 పద్ధతిలో నుండవలెను. భారతదేశమున వాడుకలోనున్న పాల్ పద్ధతిలో చిత్రము కొలత 720×576, సెకనుకు 25 చిత్రములు. ధ్వని నమూనాలు సెకనుకు 48,000. అమెరికానుండి బంధువులు పంపిన ఎన్‌టిఎస్‌సి వీడియోలు 720×480 కొలతలో నుండును; వానిని వేరు డిస్కుగా చేయుట మేలు. ఉచితముగా లభించు డివిడి స్టైలరు ఈ మార్పును, విషయసూచికను, డిస్కు వ్రాతను ఒకేచోట సమకూర్చును.

ఒక పొర గల డివిడి 4.7 గిగాబైట్లు పట్టును. రెండు గంటల పెండ్లిని అందిమిడ్చినచో సెకనుకు సుమారు 5 మెగాబిట్లు మాత్రమే దక్కును. గంట చొప్పున రెండు డిస్కులుగా విభజించినచో చిత్రము స్పష్టముగా నుండును. వీసీడీ చిత్రపు కొలత 352×288 మాత్రమే. దానిని ఎంత పెంచినను పోయిన వివరము తిరిగి రాదు. 4:3 నిష్పత్తిలో తీసిన దానిని వెడల్పు తెరకు సాగదీసినచో ముఖములు వికృతమగును. వ్రాత ముగిసిన పిదప డిస్కును ఫైనలైజు చేసి, వేరొక ప్లేయరులో ఆసాంతము ఆడించి చూడవలెను.

ఇంట వ్రాసిన డిస్కుయందు సమాచారము ఒక రంగుపూతపై నిలుచును. ఎండ, వేడి, తేమ దానిని చెరుపును. కావున డిస్కు చూచుటకే. దాచుటకు మూల ఫైళ్ళు వేర్వేరు ఇండ్లలో రెండు ప్రతులుగా నుండవలెను. చిత్రములో కనబడువారి పేర్లు, వరుసలు, ఊరు, సంవత్సరము పెద్దల నడిగి వ్రాసి జతపరుపవలెను. యంత్రము బొమ్మను తిరిగి చూపగలదు. ఆ బొమ్మలోనివారెవరో చెప్పగలవారు నేటికి కొందరే మిగిలియున్నారు.