సాసుకి సర్టిఫికెట్టు, అంబలికి సిగ్గా?

మన శ్రీకాకుళం, ఇజీనారం గుంటలు హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరితే ఏటి నేర్సుకుంటారో తెల్సా? ఫ్రెంచోళ్ల సాసులు. బెషమెల్, వెలూతే, ఎస్పన్యోల్, టమాటా, హాలండేజ్. ఈ అయిదింటినీ 'మదర్ సాసులు' అంటారు. సదివితే సాలదు, పొయ్యి కాడ నిలబడి ఉండ కట్టకుండా కలిపి సూపించాల. దీని మీద నాకు కోపం లేదు. పని నేర్సినోడికే కూడు దొరుకుతాది.

అయితే ఆ వంట మన క్లాసు దాకా ఎలాగొచ్చింది? 1757లో ఫిరంగులతో బొబ్బిలి కోట మీద పడ్డ బుస్సీ సైన్యం ఎప్పుడో ఎళ్లిపోనాది. సాసులు మాత్రం సిలబస్‌లో కూకున్నాయి. ఎందుకంటే ఆళ్లు తిండిని సదువు సేసినారు. 1903లో ఎస్కోఫియే అనే వంటాయన వేల వంటలు పుస్తకంలోకి ఎక్కించినాడు. 2010లో యునెస్కో ఫ్రెంచి విందుని మానవాళి వారసత్వంలో చేర్చింది. ఒక వంటకాన్ని కాదు. పెళ్లికో పుట్టినరోజుకో అందరూ కూకుని, వరసగా తిని, ఆ తిండి గురించి మాటాడుకునే పద్ధతిని. ఆళ్లకి తిండంటే 'మేమెవురం' అన్న పాఠం.

మరి మన చోడి అంబలో? చోడిపిండి రాత్రి నానబెట్టి పులవనివ్వాల. తెల్లారి నూకలు ఉడుకుతుంటే ఆ పిండి పోసి గరిటె ఆపకుండా తిప్పాల, లేదంటే ఉండ కట్టేస్తాది. బెషమెల్ కాడా ఇదే జాగర్త! ఎండాకాలం ఎంత పులవాలో, సలికాలం ఎంతో మన ముసలమ్మల ముక్కుకి తెల్సు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటాది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. అయినా హోటల్లో రాగి మాల్ట్ దర్జాగా తాగినోడే, ఇంట్లో అంబలి తాగినానని సెప్పడానికి సిగ్గుపడతాడు.

ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది. ఇజీనారంలో 2019 నుంచి కేంద్ర గిరిజన యూనివర్సిటీ ఉంది. మన తిండి మీద మార్కులున్న కోర్సు పెట్టాలని నానంటాను. అంబలి, గంటి జావ, సామల అన్నం, కొండ మీద సవరోళ్ల వంటలు అందులో ఉండాల. ముసలమ్మని జీతమిచ్చి పిలిచి పంతులమ్మ కుర్చీలో కూకోబెట్టాల. పిల్లలు వండాల, కొలతలు రాయాల, ఆ గింజ ఏ సేలో పండిందో, ఎందుకు తగ్గిపోనాదో తెలుసుకోవాల.

సిగ్గు ఉపన్యాసంతో పోదు, గరిటె పడితే పోద్ది. కోర్సు వచ్చేదాకా ఆగొద్దు. మీ ఇంట్లో ముసలమ్మ అంబలి కాసేటప్పుడు పక్కన కూకోండి, కొలతలు రాయండి, ఫోన్లో తియ్యండి. ఆమెతో పోతే ఆ పాఠం మళ్లీ దొరకదు.