పిల్లల దిగులు

నూలు ధరలను గూర్చియు, రంగులను గూర్చియు, సంఘ బకాయిలను గూర్చియు వ్రాయుట మాకు అలవాటు. ఈ సంచికలో మగ్గము ప్రక్కన కూర్చుండి కండెలు చుట్టు పిల్లలను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. కారణము మా యింటనే జరిగినది గనుక దాచక చెప్పుచున్నాము.

నిరుడు మా అమ్మాయి ఎనిమిదవ తరగతి. దసరా దాటినది మొదలు బడికి పోవు వేళకు కడుపునొప్పి అనెడిది. డాక్టరుకు చూపితిమి, రోగమేమియు లేదనెను. ముసలమ్మ దిష్టి తీసినది. మేము మాత్రము బడి ఎగ్గొట్టుటకు వేషమని కసరితిమి. ఒకనాటి రాత్రి దీపము తీసిన తరువాత చీకటిలో అడిగినది: "బాపూ, పైసలు కట్టకుంటె మగ్గం తీస్కపోతరా?"

మాది రెండు గదుల ఇల్లు. పిల్లలు నిద్రించిరను కొని మేమును, దాని తల్లియు అప్పు లెక్కలు మాటలాడుకొనుచుంటిమి. అది ప్రతి రాత్రి వినుచునే యున్నది. బడిలో ఉన్న వేళ ఎవరైనా వచ్చి మగ్గము విప్పుకొనిపోదురేమోనని దాని భయము. మూడు నెలలు ఆ భయమును ఒంటరిగా మోసినది. సంఘములో ఇరువది యిండ్ల లెక్కలు చూచు మాకు మా యింటి లెక్క తెలియలేదు.

ఆ నొప్పి వేషము కాదని తరువాత గ్రహించితిమి. భయము కలిగినప్పుడు గుండె వడిగా కొట్టుకొనును, కండరములు బిగియును, జీర్ణము మందగించును. పాము కనబడినప్పుడు పరుగెత్తుటకు దేహము చేసికొను ఏర్పాటిది. పాము పోయినచో అదియు సర్దుకొనును. ఇంటి అప్పు, పరీక్ష, తోటి పిల్లల ఎగతాళి అట్లు పోవు పాములు కావు. అప్పుడు నిద్ర చెడును, ఆకలి తప్పును, మానిన పక్క తడుపుట మరల మొదలగును. తన బాధ యిదియని మాటలలో చెప్పుట పది పండ్రెండేండ్ల బిడ్డకు చేతకాదు. దాని బదులు కడుపు చెప్పును. అయితే డాక్టరుకు చూపకముందే దిగులని తీర్మానించుటయు తప్పే.

మన వైపు పిల్లలకు ఇంకొక బరువున్నది. ముద్ఖేడ్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది, పిదప బొంబాయి రాష్ట్రములో చేరి, 1960లో మహారాష్ట్రములోనిదైనది. ఆదిలాబాదు నుండి వచ్చు రైలు దారి కలియు జంక్షను గనుక తెలుగువారి రాకపోకలు మెండు. ఇంట తెలుగు, బజారున హిందీ, బడిలో మరాఠీ. ఉచ్చారణ తప్పినచో తోటివారు నవ్వుదురు. మరాఠీ బాగుగా రావలసినదే, అన్నము పెట్టు భాష అది. దానికొరకు ఇంట తెలుగు మాన్పించువారు కొందరున్నారు. అది మాకు సమ్మతము కాదు. ఏడ్చు బిడ్డకు నోట వచ్చునది అవ్వ నేర్పిన మాటయే గదా.

ఇక పరీక్షల సంగతి. మన చుట్టములున్న తెలంగాణములో 2019 ఏప్రిల్‌న ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినప్పుడు మార్కుల నమోదులో తప్పులు దొరలినవి. ఆ దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. పిమ్మట తప్పినవారి జవాబు పత్రములను తిరిగి పరిశీలింపగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. ఒక్కొక్క మరణము వెనుక ఎన్ని కారణములుండునో బయటివారమైన మేము చెప్పజాలము. ఒక్కటి మాత్రము సభ్యులను కోరుచున్నాము: ఫలితములు వచ్చునాడు పెద్దలలో ఒకరు మగ్గము దిగి పిల్లల దగ్గర ఉండవలెను. ఆ పూట ఒక చీర వెనుకబడిన పడనిండు.

మా యింట చేసిన మార్పులు పెద్దవి కావు. అప్పు మాటలు సంఘపు గదిలోనే ముగించి వచ్చుచున్నాము. అమ్మాయికి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి: బాకీ యున్నది, నెలనెల కట్టుచున్నాము, మగ్గమును ఎవరును కొనిపోరు, తీర్చు పని పెద్దలది. ఏమియు లేదని బొంకినచో నమ్మియుండెడిది కాదు. రాత్రి తొమ్మిది దాటినచో మగ్గపు చప్పుడు ఆపితిమి; ఆరు మొదలు పండ్రెండేండ్ల వారికి 9 నుండి 12 గంటలు, అటుపై పదునెనిమిది వరకు 8 నుండి 10 గంటలు నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. సాయంత్రము ఒక గంట ఆట. మొదట మాకే కష్టమైనది, ఆ గంటలో చుట్టు కండెలు తగ్గినవి. గుండె దడదడలాడునప్పుడు ఊపిరి మెల్లగా పీల్చి అంతకంటె మెల్లగా విడుచుట నేర్పితిమి. పేక పోగు తెగినప్పుడు మనము విసుగక అతుకుదుము గదా, ఆ ఓపిక బిడ్డయెడల చూపుట మాకు ఆలస్యముగా వచ్చినది.

పని మాట వచ్చినది గనుక చట్టమును తెలుపుదుము. 2016 సవరణ ప్రకారము పదునాలుగేండ్ల లోపు పిల్లలు బడి వేళలు కాని వేళలలో, సెలవులలో, ప్రమాదకరము కాని ఇంటి వృత్తిలో మాత్రమే సహాయము చేయవచ్చును. బడి మాన్పించి కూర్చుండబెట్టుట కూడదు. బడిలో కొట్టుట, మనసు నొప్పించుట కూడ 2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను క్రింద నిషేధమే. ఉపాధ్యాయులతో తగవు పెట్టుకొనక ముందుగా పోయి నెమ్మదిగా మాటలాడుట మేలు.

పిల్లలెవరైనను "నేను లేకుంటే మీకే మంచిది" అనినచో తిట్టవద్దు, నవ్వి త్రోయవద్దు, ఒంటరిగా విడువవద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416 రేయింబవళ్ళు ఉచితముగా పనిచేయును; తెలుగునను మరాఠీలోను మాటలాడుదురు. ఆపదలోని పిల్లలకు 1098. ఈ రెండును సంఘపు గదిలో నూలు ధరల పట్టిక ప్రక్కన అంటించితిమి.

అమ్మాయి యిప్పుడు తొమ్మిదవ తరగతి. కడుపునొప్పి మానినది. గణితములో మార్కులు మాత్రము నిరుటివలెనే వచ్చుచున్నవి.