బడి డబ్బులు అమ్మ చేతికి!

‘ఆడపిల్లకి చదువెందుకు? ఉద్యోగం చేసి ఊళ్ళేలాలా?’ అనే మాట మన దగ్గరే కాదు, మెక్సికో పల్లెల్లోనూ ఉండేది. అక్కడి పేదింటి పిల్ల ఆరో తరగతి కాగానే పుస్తకాలు అటకెక్కించి ఇంటిపనిలో పడేది. మగపిల్లాడు కూలికి పోయేవాడు. చదువు లేకపోతే మంచి జీతం రాదు. జీతం లేని ఇంట్లో మళ్ళీ పిల్లలకి చదువుండదు. ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య అంతరం ఇలాగే తరతరాలకీ సాగుతుంది.

రొట్టె చవకైతే చాలా?

మనకి అన్నం ఎలాగో వాళ్ళకి మొక్కజొన్న రొట్టె అలాగ. అందుకే అక్కడి ప్రభుత్వం చాలా ఏళ్ళు రొట్టెల ధర తగ్గించి అమ్మించింది. కానీ పల్లెల్లో ఆడవాళ్ళు రొట్టెలు ఇంట్లోనే చేసుకుంటారు కదా! ఆ చవక ఎక్కువగా పట్నంవాళ్ళకే దక్కింది. దాంతో 1997లో ‘ప్రోగ్రెసా’ అనే పథకం పెట్టి, పేద కుటుంబాలకు నేరుగా డబ్బివ్వడం మొదలుపెట్టారు. అదీ తండ్రికి కాదు, తల్లికి! రెండు నెలలకోసారి ఇచ్చేవారు. అయితే పిల్లలు నూటికి 85 రోజులైనా బడికి వెళ్ళాలి, ఇంటిల్లిపాదీ ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలి.

తరగతి పెరిగేకొద్దీ సొమ్ము పెరిగేది. ఏడో తరగతి నుంచి ఆడపిల్లకి మగపిల్లాడికన్నా కాస్త ఎక్కువే. ఎందుకంటే బడి మానేసేది ఎక్కువగా వాళ్ళే మరి!

ఫలితం ఏమిటి?

ఏదో ఇచ్చేసి ఊరుకోలేదు. మొదట 320 ఊళ్ళలో ఇచ్చి, ఇంకా ఇవ్వని 186 ఊళ్ళతో పోల్చి చూశారు. హైస్కూల్లో చేరిన పిల్లలు పెరిగారు, అందులోనూ ఆడపిల్లలే ఎక్కువ. 2003లో బ్రెజిల్ కూడా ఇలాంటి పథకమే చేపట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన ‘అమ్మ ఒడి’, 2025లో వచ్చిన ‘తల్లికి వందనం’ కూడా ఈ కోవలోవే.

లోటు లేదా అంటే, ఉంది. బడికెళ్ళే పిల్లలు పెరిగారు గానీ, తొలి ఏళ్ళలో మార్కులు పెరగలేదు. పంతుళ్ళు, పాఠాలు బాగుంటేనే కదా చదువు ఒంటబట్టేది! పైగా ఆస్పత్రి క్యూలూ, మీటింగులూ అన్నీ తల్లి నెత్తినే పడ్డాయి. 2019లో మెక్సికో ఆ పథకాన్ని ఆపేసింది కూడా.

అయినా ఒక్క సంగతి మనం పట్టుకోవచ్చు. ఆడపిల్ల చదువు ఆగిపోయేది ఎక్కువగా పెద్దబడి గుమ్మం దగ్గరే. మీ ఇంట్లో పనిచేసే ఆమె కూతురు ఈ ఏడు ఏ తరగతి? వచ్చే జూన్‌లో బడికెళుతుందా? ఒక్కసారి అడిగి చూడండి. యూనిఫారానికో, బస్ పాసుకో ఆగిపోతుంటే, ఆ పాటి సాయం మనమూ చేయగలం కదూ!