మైనస్ 40లో మొరాయించే తలుపు

దుకాణం షట్టరును బక్కపలచని మనిషి కూడా ఒంటిచేత్తో పైకి నెట్టేయడం మీరు చూసే ఉంటారు. అంత బరువు అంత తేలిగ్గా ఎలా లేచింది? లోపల చుట్టి ఉన్న స్ప్రింగు ఆ బరువులో చాలా భాగాన్ని మోస్తోంది కాబట్టి. అమెరికాలోని అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణంలో, ఇళ్ళకు ఉండే కారు గ్యారేజీ తలుపులదీ ఇదే సూత్రం. అడ్డపలకలను కీళ్ళతో కలిపిన ఆ తలుపు పట్టాల వెంట పైకి జరిగి కప్పు కిందికి చేరుతుంది. దాన్ని మోటారే ఎత్తుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు మోసేది స్ప్రింగు. మోటారు కదుపుతుంది, అంతే.

అక్కడ చలికాలంలో కొన్ని రోజులు ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలకు దిగుతుంది. (సెల్సియస్సా, ఫారన్‌హీటా అని అడగనక్కరలేదు; రెండు కొలమానాలూ కలిసేది అక్కడే.) 20 డిగ్రీల సెల్సియస్ నుంచి అంత చలికి వచ్చేసరికి 5 మీటర్ల ఉక్కు తలుపు సుమారు మూడున్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. అది చిన్న సంగతి. పెద్ద చిక్కు గ్రీజుతో. చలికాలం పొద్దున సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టినట్టే, మామూలు గ్రీజు బిగుసుకొని చక్రాలను పట్టేస్తుంది. అందుకే పాతది తుడిచేసి, చలికి చిక్కబడని కందెనను చక్రాలకు, కీళ్ళకు పలుచగా పూయాలి. పట్టాలకు వద్దు, దుమ్ము పేరుకోవడం తప్ప లాభం లేదు.

కారుకు అంటిన మంచు గ్యారేజీ వెచ్చదనానికి కరిగి, తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీ కిందికి చేరి మళ్ళీ గడ్డకడుతుంది. తలుపు నేలకు అతుక్కుపోతుంది. మీట నొక్కితే మోటారు గుంజుతుంది. పట్టీ చిరుగుతుంది, లేదా మోటారు పళ్ళచక్రం దెబ్బతింటుంది. వేడినీళ్ళు పోద్దామనిపిస్తుంది కదూ? ఆ నీళ్ళే కాసేపట్లో కొత్త మంచవుతాయి. వేడిగాలి పట్టించి విడదీసి, నేల తుడిచి ఆరబెట్టి, పట్టీకి సిలికోన్ పూయడం మేలు.

ఇక స్ప్రింగు. సాధారణంగా దాన్ని సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారుచేస్తారు. రోజుకు 4 సార్లయితే దాదాపు 7 ఏళ్ళు. వాడేకొద్దీ ఉక్కులో కంటికి కనబడని పగుళ్ళు పెరుగుతాయి. చలికి ఉక్కు మరింత పెళుసుబారుతుంది. అలా అలసిన స్ప్రింగు ఏదో ఒక గడ్డకట్టే ఉదయాన ఫెళ్ళుమని తెగుతుంది. 70 కిలోల తలుపు 2 మీటర్లు లేస్తుందనుకోండి. పలకలు కప్పు కిందికి మళ్ళేకొద్దీ మోయాల్సిన బరువు తగ్గుతుంది కనుక సగమే లెక్కిద్దాం. అయినా తలుపు మూసి ఉన్నప్పుడు స్ప్రింగులో సుమారు 700 జౌళ్ళ శక్తి దాగి ఉంటుంది. 70 కిలోల మనిషి మీటరు ఎత్తునుంచి పడితే వెలువడే శక్తి అది! స్ప్రింగు బిగింపు మరలను నేర్చిన పనివాడే ముట్టుకోవాలి.

ఇంటివాళ్ళు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. చలి ముదరకముందే, తలుపు మూసి ఉండగా మోటారు బంధం విడిపించి, చేత్తో నడుము ఎత్తుకు లేపి నెమ్మదిగా పట్టు సడలించాలి. అక్కడే నిలిస్తే స్ప్రింగు సరిగా ఉన్నట్టు. కిందికి జారితే పనివాణ్ణి పిలవాలి. తలుపు పైన ఉండగా మాత్రం ఆ బంధం విడిపించకూడదు. స్ప్రింగు అప్పటికే తెగి ఉంటే, 70 కిలోలూ ఒక్కసారిగా కిందికి వస్తాయి.